పెట్టెలోని పాత చేతిగడియారము: గుర్తించుట, బాగుచేయించుట, చేతికి సరిపుచ్చుట

ఇల్లు మారునపుడు పెట్టెలు తెరువబడును. ఏండ్ల తరబడి ఎవ్వరును చూడని వస్తువులు అప్పుడు వెలికి వచ్చును. ముంబైలోని మన తెలుగువారి ఇండ్లలో ఇప్పు డట్టి కాలము వచ్చినది. 1920ల కాలమున బొంబాయి అభివృద్ధి శాఖవారు కట్టించిన వర్లీ బి.డి.డి. చాళ్లు విడతలు విడతలుగా పడగొట్టబడి, వాని స్థలమున ఎత్తైన కట్టడములు లేచుచున్నవి. తొలి విడత కుటుంబములకు క్రొత్త ఇండ్ల తాళపుచెవులు 2025 ఆగస్టులో అందినవి. కామాటిపురపు గల్లీలలోని పాత కట్టడములను గూర్చియు అట్టి యోచనయే నడచుచున్నది. 160 చదరపుటడుగుల గదిలో మూడు తరములవారు దాచుకొన్న సామగ్రిలో ఏది వెంట తీసికొనిపోవలెను, ఏది పాతసామానుల వాని కీయవలెను అను ప్రశ్న ఇంటింట పుట్టుచున్నది.

వర్లీలోని మా గది ఖాళీ చేయునపుడు మా నాయనగారి రేకుపెట్టె అడుగున, మిల్లు బోనసు చీటీల క్రింద, గుడ్డలో చుట్టిన చేతిగడియారమొకటి దొరకినది. దానితోపాటు చిన్న కాగితపు పొట్లములో గొలుసు లంకెలు రెండుండెను. గడియారము ఆగియున్నది. అద్దము గీతలుపడి మసకబారినది. పాతసామానులవాడు దానిని అరచేతిలో తూచి, ఇనుముతో కలిపి తీసికొందుననెను. మా అమ్మ ఒప్పుకొనలేదు. “మీ బాపు దాన్ని చూడకుంట గడప దాటెటోడు కాదు బిడ్డా. ఆగిపోతె ఆగిపాయె, ఉండనీ” అనెను.

ఆ గడియారమును మరల నడిపించుటలో మేము నేర్చుకొన్న సంగతులను, చేయబోయి తప్పించుకొన్న పొరపాట్లను ఇచ్చట వ్రాయుచున్నాను. ఇట్టి వస్తువు మీ ఇండ్లలోను ఉండవచ్చును గదా! నేను ఈ పాఠశాలలోనే చదివినవాడను. నా కుమార్తె ఇప్పుడు ఇచ్చటనే తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఈ పనిలో సగము ఆమెదే.

గడియారము మన ఇండ్ల కెట్లు వచ్చెను

కామాటిపురమునకు పేరిచ్చిన కామాటీలు 18వ శతాబ్దాంతము నుండి కట్టడపు పనులకై ఈ నగరమునకు వచ్చిన తెలుగు శ్రామికులు. అటుపిమ్మట పద్మశాలీలు మొదలగువారు నూలుమిల్లులలో మగ్గముల పనికి వచ్చిరి. పల్లెలో ప్రొద్దు చూచి పనికి పోయినవారు ఇచ్చట భోంగా కూత విని పోవలసినవారైరి. ఆ నగరమునకు చిరకాలము కాలమొక్కటిగా కూడ లేదు. భారత ప్రామాణిక కాలము 1906లో అమలులోనికి వచ్చినను, దానికి 39 నిమిషములు వెనుకగా నడచు బొంబాయి కాలమును కొన్నిచోట్ల 1955 వరకు పాటించుచుండిరి. ఇట్టి ఊరిలో చేతికొక గడియారముండుట శ్రామికునకు అలంకారము మాత్రమే కాదు. తన దినమును తాను లెక్కించుకొను సాధనము.

చాలకాలము మన దేశమున చేతిగడియారములు స్విట్జర్లాండు నుండి వచ్చినవే. 1961లో ప్రభుత్వరంగ సంస్థయైన హిందుస్థాన్ మెషీన్ టూల్స్, అనగా హెచ్.ఎం.టి., జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో బెంగుళూరులో గడియారముల తయారీ ప్రారంభించెను. తొలి గడియారములను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేసిరి. ఆ సంస్థ చేసిన ‘జనతా’ అను నమూనా పేరునకు తగినట్లు సామాన్యుల చేతికి చేరెను. మా నాయనగారిది అదియే. దీపావళి బోనసుతో కొన్నదని మా అమ్మ చెప్పెను.

మొదట చేయరాని పనులు

పాత గడియారము దొరకగానే చేతులు ఊరకుండవు. అయినను మూడు పనులు చేయరాదు.

ఒకటి: ఆగియున్నది గదా యని కీని బలముగా త్రిప్పరాదు. ఏండ్ల తరబడి కదలని యంత్రములో నూనె ఎండి జిగురుగా మారియుండును. మెల్లగా నాలుగైదు చుట్లు త్రిప్పి చూడవచ్చును. నడచినచో సంతోషమే, అయినను దానిని నడువనిచ్చుచు పోరాదు. నూనె లేని ఇరుసులు ఒకదానినొకటి అరగదీయును. నడచుచున్నది కావున బాగుగానే యున్నదని తలచుట పెద్ద పొరపాటు.

రెండు: వెనుకమూతను కత్తిపీటతోగాని, స్క్రూడ్రైవరుతోగాని తెరువరాదు. ఒక్క జారుపాటునకు మూతపై గీత పడును. లోపలికి జారినచో వెంట్రుకవంటి స్ప్రింగు తెగును.

మూడు: కుట్టుమిషను నూనెగాని, కొబ్బరినూనెగాని లోపల వేయరాదు. కుట్టుమిషనుకు చాలునది గడియారమునకు చాలునని మా మేనమామ తలచెను. గడియారములో నూనె వేయవలసిన స్థలములు సూదిమొనంతటివి. ఎక్కువైన నూనె ప్రాకి, ధూళిని పట్టి, చుట్టల స్ప్రింగును అంటుకొని, గడియారమును పాడుచేయును.

లోపల నేమున్నది

చేతితో కీ ఇచ్చు గడియారములో విద్యుత్తు లేదు. కీ త్రిప్పినపుడు చిన్న గుండ్రని డబ్బీలోని ఉక్కు స్ప్రింగు చుట్టుకొనును. అది విప్పుకొనుచు పండ్లచక్రముల వరుసను త్రిప్పును. ఆ చక్రములను అడ్డు లేక తిరుగనిచ్చినచో స్ప్రింగులోని శక్తి కొద్ది క్షణములలో వ్యయమైపోవును. అందుచే చివరి చక్రమునకు లంగరువంటి చిన్న మీట అడ్డముగా నిలిచి, ఒక్కొక్క పంటిని మాత్రమే విడిచిపుచ్చుచుండును. ఆ మీటను నడపునది ఊగుచక్రము. అది ఉయ్యాలవలె ఇటునటు ఊగును. దానిని మరల మరల మధ్యకు లాగునది సన్నని చుట్టల స్ప్రింగు. ముంబై మరమ్మతుదారులు దీనిని హిందీలో ‘బాల్ కమానీ’ అందురు. బాల్ అనగా వెంట్రుకయే.

జనతావంటి గడియారములలో ఈ ఊగుచక్రము సెకనుకు 5 మారులు, గంటకు 18,000 మారులు కొట్టుకొనును. దినమునకు లెక్కింపగా 4,32,000 మారులగును. కలియుగ ప్రమాణము 4,32,000 సంవత్సరములని పంచాంగములో చదివినవారికి ఈ సంఖ్య పరిచితమే. ఇంత శ్రమపడు ఇరుసులు ఇత్తడిలో తిరిగినచో త్వరలో అరిగిపోవును. కావుననే వాని కొనలను కృత్రిమముగా చేసిన కెంపుల రంధ్రములలో నిలుపుదురు.

డయలుపై ‘17 జ్యువెల్స్’ అని యుండుటకు అర్థమిదియే. సామాన్యమైన అమరికలో ఊగుచక్రమునకు 5, లంగరు మీటకు 4, నాలుగు చక్రములకు రెండేసి చొప్పున 8, మొత్తము 17. ఇవి అమ్మకమునకు విలువగల రత్నములు కావు. యంత్రపు ఆయువును పెంచు ఆధారములు. కెంపుల కొరకు గడియారమును కొందుమని వచ్చువారి మాట నమ్మకుడు.

గుర్తించుట

గడియారమును గుర్తించుటకు మూడు సాక్షులు కలవు: డయలు, పెట్టె, యంత్రము. మూడింటి మాటయు కలిసినపుడే నిర్ణయము చేయవలెను.

డయలుపై తయారీదారు పేరు, నమూనా పేరు, దేశము పేరు ఉండును. మన పెద్దల పెట్టెలలో సాధారణముగా దొరకునవి కొన్ని కలవు. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ పేరు 1886 నుండి బొంబాయితో ముడిపడియున్నది. స్విస్ గడియారములను మన దేశపు విపణికై తెప్పించిన సంస్థ యిది. ఫావ్రే లూబా 1737లో స్విట్జర్లాండులోని ల లోక్ల్ పట్టణమున మొదలైన పాత సంస్థ. రోమర్, కామీ, సాండోజ్ అను స్విస్ పేర్లును మన పెద్దలెరిగినవే. 1980లలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపాను దేశపు సైకో సహకారముతో గడియారములు చేసెను. స్వస్థలమునుండి బంధువులు తెచ్చిన ఆల్విన్ గడియారము మీ ఇంట నుండవచ్చును.

సెకనుల ముల్లు సెకనుకొక గంతు వేయుచున్నచో అది సాధారణముగా బ్యాటరీతో నడచు క్వార్ట్జ్ గడియారము. చిన్నచిన్న అడుగులతో జారునట్లు పోవుచున్నచో స్ప్రింగుతో నడచునది. చేయి కదిపినపుడు లోపల ఏదో తిరుగుచున్న సవ్వడి వినబడినచో, చేతి కదలికచే తనంతట చుట్టుకొను ఆటోమేటిక్ రకము కావచ్చును.

పెట్టె వెనుక ఉక్కు మూత అనియో, బంగారు పూత ఇన్ని మైక్రానులనియో వ్రాసియుండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. ‘20 మైక్రానులు’ అని యున్నచో అది బంగారపు గడియారము కాదు, పూత మాత్రమే. ఈ భేదము తెలియక కలహించిన అన్నదమ్ములను నే నెరుగుదును.

మూడవ సాక్షియైన యంత్రమును మరమ్మతుదారు మూత తెరచినపుడు చూడవలెను. పళ్లెముపై, తరచుగా ఊగుచక్రము సమీపమున, తయారీదారు గుర్తును యంత్రసంఖ్యయు చెక్కియుండును. చేతితో కీ ఇచ్చు హెచ్.ఎం.టి. గడియారములలో 0231 అను సంఖ్య తరచుగా కనబడును. డయలుపై ఒక సంస్థ పేరుండి యంత్రముపై సంబంధములేని వేరొక పేరున్నచో తొందరపడి మోసమనరాదు. అనేక స్విస్ సంస్థలు ఇతరుల యంత్రములను కొని తమ గడియారములలో అమర్చెను. హెచ్.ఎం.టి. డయలు క్రింద స్విస్ యంత్రమున్నచో మాత్రము నడుమ ఎవరో భాగములు మార్చిరని గ్రహింపవలెను.

డయలుకు క్రొత్తరంగు వేయింపవలెనా

మేము మొదట పోయిన దుకాణమువాడు మా గడియారమును చూచి, డయలును కడిగి రంగు వేసి, అక్షరములు మరల అచ్చువేసి, మధ్యాహ్నమునకు క్రొత్తదిగా చేసి యిత్తుననెను. నీలము, ఎరుపు, నారింజ, ఏ రంగైనను సరే యనెను. మా మేనమామకు ఎరుపు నచ్చెను. నా కుమార్తె మాత్రము, “తాత చూసిన డయలు ఇదే గద మామా? దీన్ని గీకేస్తె తాత చూసింది ఏం మిగుల్తది?” అని అడిగెను. మేము గడియారమును తిరిగి తీసికొంటిమి.

ఈ రంగుల పని మన నగరమునకు పేరుతెచ్చినది. కామాటిపురమునకు నడకదూరములోని చోర్ బజారు మొదలగు చోట్ల పాత డయలులకు క్రొత్త రంగులు వేసి, మూడు గడియారముల భాగములతో ఒకటి కూర్చి అమ్ముటకలదు. విదేశములలో పాతగడియారములను సేకరించువారు ఇట్టివానిని ‘ముంబై స్పెషల్’ అని పిలుతురు. భాగములు దొరకని కాలమున ఆగినదానిని నడిపించిన ఈ పనివారి నేర్పును తక్కువచేయరాదు. ధరించుటకు అట్టి గడియారమును తెలిసి కొన్నచో దోషము లేదు. కాని పెద్దలు విడిచిపోయిన గడియారమునకు ఆ పని చేయించినచో, డయలుపైని అసలు అచ్చు శాశ్వతముగా పోవును. మరల తెచ్చుట ఎవ్వరి తరమును కాదు.

రంగు వేసిన డయలును భూతద్దముతో గుర్తింపవచ్చును. అక్షరముల అంచులు మసకగా నుండును; నిమిషముల గీతలు సమదూరమున నుండవు; సంస్థ పేరు కొంచెము వంకరగా నుండును; పెట్టె అరిగియుండగా డయలు మాత్రము నిగనిగలాడును.

మరియొక హెచ్చరిక. 1960కి పూర్వపు కొన్ని గడియారములలో చీకటిలో వెలుగు అంకెలకు రేడియము కలిపిన రంగు వాడిరి. ఆ వెలుగు ఇప్పుడు ఆరిపోయినను రేడియము నశింపలేదు. అది సగము తరుగుటకే సుమారు 1,600 సంవత్సరములు పట్టును. మూత మూసియున్నంతవరకు భయపడ నక్కరలేదు. కాని అట్టి డయలును తెరచి గీకుట, ఆ పొడిని పీల్చుట హానికరము. పిల్లలు ఎన్నడును చేయరాదు.

మూత లోపలి వ్రాత

రెండవ మరమ్మతుదారు కామాటిపురములో మా మేనమామ ఇంటికి చేరువనే, గాజుపెట్టె ముందు దీపము పెట్టుకొని కూర్చుండు వృద్ధుడు. ఆయన మూత తెరచి, యంత్రమును చూచుటకు ముందు మూత లోపలివైపును దీపమునకు ఎదురుగా పట్టెను. అచ్చట సూదితో గీసిన సన్నని అంకెలు మూడు వరుసలుగా నుండెను: 3-75, 8-78, 11-81.

గడియారమును శుభ్రపరచినపుడు తేదీనో, తమ గుర్తునో మూత లోపల గీయుట అనేక దేశముల మరమ్మతుదారుల అలవాటని ఆయన చెప్పెను. మరల ఆ గడియారము తమ చేతికి వచ్చినపుడు, ఎన్నడు బాగుచేసితిమో దానివలన తెలియును. మా నాయనగారు మూడేండ్ల కొకమారు తప్పక బాగుచేయించిరని ఆ వరుసలు తెలిపినవి. చివరిది 1981 నవంబరు. ఆ తరువాత ఏమియు లేదు.

1982 జనవరి 18న బొంబాయి నూలుమిల్లుల సమ్మె మొదలైనది. సుమారు రెండున్నర లక్షల కార్మికులు పని విడిచిరి. ఎందరో మరల మిల్లు గేటు దాటనే లేదు. మా నాయనగారును వారిలో ఒకరు. ఆ కాలమును గూర్చి ఆయన మాతో ఎన్నడును మాటలాడలేదు. నా కుమార్తె ఆ మూడు వరుసలను తన నోటుపుస్తకమున వ్రాసికొనెను. “ఈ గీతలు చెరుపవద్దు” అని మేము కోరగా, “ఇవి చెరుపువాడు పనివాడు కాడు” అని ఆ వృద్ధుడు హిందీలో బదులు చెప్పెను.

కావున పాఠకులారా, మూత తెరచినపుడు మీరును దగ్గరనుండి చూడుడు. ఉన్న గుర్తులను ఫొటో తీసికొనుడు. వెలుపలి గీతలు పోవుటకు యంత్రముపై మెరుగుపట్టించుట కూడ అవసరము లేదు. ఎక్కువ మెరుగుచే పెట్టె అంచులు కరగి, చెక్కిన అక్షరములు మాయమగును.

బాగుచేయించుట

శుభ్రపరచుట యనగా నూనె చుక్క వేయుట కాదు. పని ఈ క్రమమున జరుగవలెను. ముందుగా ముండ్లను, డయలును తీసి యంత్రమును విడివిడి భాగములుగా విప్పుదురు. వానిని తగిన ద్రవములో కడిగి ఆరవేయుదురు. ఇరుసుల మొనలను, చక్రముల పండ్లను, కెంపుల రంధ్రములను భూతద్దముతో పరీక్షింతురు. అలసిన స్ప్రింగును మార్చుదురు. తిరిగి కూర్చునపుడు ఒక్కొక్క స్థలమునకు తగిన నూనె వేయుదురు: వేగముగా తిరుగు సన్నని ఇరుసులకు పలుచనిది, మెల్లగా తిరుగు బరువైన భాగములకు చిక్కనిది, కీ భాగములకు గ్రీజు. తుదకు వేగమును సరిచేయుదురు.

పని అప్పగించుటకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగుడు. పూర్తిగా విప్పి కడుగుదురా? ఏ భాగము మార్చవలసివచ్చినను ముందుగా తెలుపుదురా? మార్చిన పాతభాగమును తిరిగి యిత్తురా? డయలును ముట్టకుండ విడుతురా? ఈ నాలుగింటికి ఔనన్నవానికే గడియార మీయుడు. చీటీపై యంత్రసంఖ్య వ్రాయించుకొనుడు.

హెచ్.ఎం.టి. గడియారములు గలవారు మరియొక సంగతి తెలిసికొనవలెను. హెచ్.ఎం.టి. వాచెస్ సంస్థను మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో ఆమోదించెను. అందుచే భాగములు చాలవరకు పాత నిల్వల నుండియు, విప్పిన గడియారముల నుండియు రావలసియున్నది. కాని ఈ నమూనాలు అసంఖ్యాకముగా తయారైనవి కావున దొరకుట దుర్లభము కాదు. మా గడియారమునకు పెద్ద స్ప్రింగొకటి, అద్దమొకటి మాత్రమే మార్చవలసివచ్చెను. ఆ అద్దము గాజు కాదు, ప్లాస్టిక్కు. చిన్న గీతలైనచో రుద్ది పోగొట్టవచ్చును, చీలినచో మార్చవలెను.

గడియారము ఇంటికి వచ్చిన పిమ్మట ఒక వారము పరీక్షింపవలెను. ఇది పిల్లలు చేయదగిన చక్కని ప్రయోగము. ఉదయము 7 గంటలకు ఫోనులోని సమయముతో సరిపెట్టి, ప్రతిదినము అదే వేళకు కీ యిచ్చి, ఎన్ని సెకనుల తేడా వచ్చెనో వ్రాయవలెను. మా గడియారము ఏడు దినములలో 4 నిమిషముల 40 సెకనులు వెనుకబడెను. అనగా 280 సెకనులు. దినమునకు 40 సెకనులు. దినములో 86,400 సెకనులు కలవు గదా. కావున ఈ దోషము వేయింట అరవంతు కూడ కాదు. అయినను మరమ్మతుదారు ఊగుచక్రమువద్ద నున్న చిన్న మీటను రవంత జరిపి దానిని తగ్గించెను. పాత గడియారము దినమునకు అరనిమిషము అటునిటైనను దానిని నిందింపరాదు.

హఠాత్తుగా గడియారము దినమునకు అనేక నిమిషములు ముందునకు పోవుచున్నచో, అయస్కాంత ప్రభావము సోకియుండవచ్చును. చుట్టల స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అంటుకొని, పొడవు తగ్గినట్లై, ఊగు వేగము హెచ్చును. స్పీకరు పెట్టెల ప్రక్కన గడియారము నుంచుట మానవలెను. మరమ్మతుదారు ఒక్క నిమిషములో ఆ దోషమును తొలగింపగలడు.

చేతికి సరిపుచ్చుట

తోలుపట్టీ గల గడియారమునకు ముందుగా రెండు చెవుల నడుమ దూరమును మిల్లీమీటరులలో కొలువవలెను. 16, 18 అను కొలతలు పాత గడియారములలో సాధారణము. పట్టీని పట్టియుంచునది రెండు కొనల స్ప్రింగు గల చిన్న కడ్డీ. అది తుప్పుపట్టినచో తప్పక మార్చవలెను. గడియారము చేతినుండి జారి పడుటకు తరచుగా ఆ చిన్న కడ్డీయే కారణము. పట్టీకి క్రొత్త రంధ్రము కావలసినచో చెప్పులు కుట్టువాని గుండ్రని పోటుతో వేయించుడు. మేకుతో పొడిచిన రంధ్రము చినుగును.

లోహపు గొలుసునకు లెక్క వేరు. మణికట్టు చుట్టును కాగితపు పట్టీ చుట్టి గుర్తుపెట్టి, స్కేలుపై కొలువుడు. నా కుమార్తె మణికట్టు 146 మిల్లీమీటరులు. వదులునకు 8 కలిపితిమి: 154. గొలుసు 178 యుండెను. అధికము 24. ఒక్కొక్క లంకె 6 మిల్లీమీటరులు. కావున 4 లంకెలు తీయవలెను. వానిని ఒకే ప్రక్క తీయరాదు. ఇరుప్రక్కల రెండేసి తీసినచో గొళ్లెము మణికట్టు క్రింద మధ్యను నిలుచును. సరిసంఖ్య కానిచో, మిగిలిన తేడాను గొళ్లెమునందలి చిన్న రంధ్రములతో సరిచేయవచ్చును.

అనేక గొలుసులలో లంకెల లోపలివైపు బాణపు గుర్తులుండును. ఆ దిశగా పిన్నును నెట్టి తీయవలెను. తిరిగి పెట్టునపుడు ఎదురుదిశగా పెట్టవలెను. గుర్తులు లేనిచోట బలము చూపక దుకాణమున చేయించుట మేలు. పూర్తియైన పిమ్మట గొలుసునకు, చేతికి నడుమ చిటికెనవ్రేలు దూరవలెను. వేసవిలో చేయి కొంచెము ఉబ్బునని మరువరాదు. అన్నిటికంటె ముఖ్యము: తీసిన లంకెలను, పిన్నులను పారవేయరాదు.

ఈ చివరి మాట మాకు పెట్టెలోని పొట్లమే నేర్పినది. ఆ రెండు లంకెలు ఎందులకు తీసినవని నేను మా అమ్మ నడిగితిని. “సమ్మె నాడు చెయ్యి సన్నబడ్డది బిడ్డా. గడియారం మోచెయ్యి దాక జారుతుండె. గిన్నెలు అమ్మినం గని దీన్ని అమ్మనియ్యలె. రెండు కడీలు తీపిచ్చి పెట్టుకున్నడు” అని చెప్పెను.

నడిపించుకొనుట

చేతితో కీ ఇచ్చు గడియారమునకు ప్రతిదినము ఒకే వేళకు కీ ఇయ్యవలెను. సుమారు 30 చుట్ల తరువాత కీ బరువెక్కును, అచ్చట ఆపవలెను. పూర్తి కీ యిచ్చినచో ఒకదినమున్నర నడచును. చేతికి పెట్టుకొని కీ త్రిప్పరాదు, ఇరుసు వంగును. నీటినుండి కాపాడవలెను. మూతపై నీరు చొరదని వ్రాసియున్నను, ఏబదియేండ్ల రబ్బరు చుట్టను నమ్మరాదు. ముంబై వానకాలములో గొడుగున్నను తేమ తప్పదు. అద్దము లోపల ఆవిరి కనబడినచో వెంటనే మరమ్మతుదారు నొద్దకు పోవలెను. నాలుగైదేండ్ల కొకమారు శుభ్రపరపింపవలెను.

మా గడియారము ఇప్పుడు నడచుచున్నది. డయలు పసుపువన్నెకు తిరిగినది. ఆరవ అంకె చెంత చిన్న మచ్చ కలదు. దానిని అట్లే యుంచితిమి. మూత లోపల నాలుగవ వరుస చేరినది. పొట్లములో ఇప్పుడు లంకెలు ఆరున్నవి. వానిలో రెండు వేరుగా తెలియుటకు నా కుమార్తె వానిని ప్రత్యేకముగా చుట్టి, పైన తెలుగులో ‘తాతవి’ అని వ్రాసెను.